తుంగ ఉన్నకాడ మోకాలి లోతు

మా అవ్వ ఏ బడికీ పోలేదు. కానీ మా ఊరి చెరువులో ఎక్కడ ఎంత లోతు నీళ్లున్నాయో ఒడ్డున నిలబడి చెప్పేది. మా ఇళ్లలో కన్నతల్లినే అవ్వ అంటాం. బచ్చన్నపేట నుంచి తరిగొప్పుల వైపు పోతూ రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మా ఊరు. వానలు తక్కువ, ఎర్రమట్టి చెల్క భూములు ఎక్కువ, ఎటు చూసినా పత్తి. అలాంటి చోట చెరువు వెనక భాగం, అంటే కట్టకు దూరంగా నీళ్లు పలచబడి పొలాల్లో కలిసిపోయే జాగా, ఏడాదిలో సగానికి పైగా బురదగానే ఉండేది. ఊళ్లో చాలామందికి అది ఎందుకూ కొరగాని చోటు. బర్రెలు దిగబడతాయి, దోమలు పుడతాయి, పాములుంటాయి. అవ్వకు మాత్రం అది చేను. విత్తనం పెట్టని చేను, కలుపు తీయని చేను అని నవ్వేది.

ఆ బురదలో ఏది ఎక్కడ మొలవాలో ఒక వరస ఉంది. తడి తగిలీ తగలని ఒడ్డున పొన్నగంటి కూర నేలకు అంటుకుని పాకుతుంది. చిన్న చిన్న ఆకులు, కణుపు కణుపుకీ తెల్లటి పూల ముద్ద. దాన్ని దాటితే తుంగ. మూడు అంచుల కాడ, వేలితో రుద్దితే అంచు తెలుస్తుంది. లాగితే కింద నల్లటి గడ్డ వస్తుంది, చితకొడితే మంచి వాసన. ఇంకా లోపలికి పోతే జమ్ము, మనిషి కంటే ఎత్తు, పైన గోధుమరంగు కంకి. పందిళ్ల మీద కప్పడానికి మా ఊరివాళ్లు కోసుకుపోయేది ఆ జమ్మునే. జమ్ము కూడా ఆగిపోయిన చోట అల్లిపూలు. ఆకులు నీళ్ల మీద, వేళ్లు ఎక్కడో అడుగున.

నేను నిక్కరు వేసుకునే వయసులో అవ్వ నాకు నేర్పిన పాఠం ఇంతే: "పొన్నగంటి ఉన్నకాడ చీలమండ. తుంగ ఉన్నకాడ మోకాలు. జమ్ము ఉన్నకాడ నడుము. అల్లిపూలు కనవడ్డయా, ఇగ ఆడనే ఆగు." తూటికూరను మాత్రం ఈ లెక్కలో చేర్చేది కాదు. "దాన్ని నమ్మొద్దు. అది ఈత నేర్సింది. వేరొకకాడ, తలొకకాడ."

తర్వాత నేను జీవశాస్త్రం చదివాను. ఇప్పుడు భూపాలపల్లి దగ్గర సర్కారు బడిలో అదే చెప్తున్నాను. చిత్తడి నేలలో పెరిగే మొక్కల గురించి పుస్తకంలో ఉన్నది ఒక పేజీ. కాడలో గాలి గదులుంటాయి, అందుకే తేలతాయి, వేళ్లకు ఊపిరి అందుతుంది, ఇట్లాంటివి. పిల్లలు రాసుకుంటారు. మా అవ్వ చెప్పింది ఆ పేజీలో లేదు.

అయితే అవ్వ ఉత్త మొక్కల్ని నమ్మి నీళ్లలోకి దిగేది కాదు. ఇది ముఖ్యం, ఇది చెప్పకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఏటా వానలకు చెరువు నిండాక, బురద తేరుకోవడానికి నాలుగు రోజులు ఆగి, ఒక పొద్దున అవ్వ ఒక్కతే దిగేది. చీర ఎగగట్టి, చేతిలో కట్టె పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు తుంగ వెంబడి నడిచేది. అడుగు తీసి పెట్టే ముందు కట్టె, కట్టె తర్వాత బొటనవేలు, ఆ తర్వాతే మడమ. దాన్ని 'నీళ్లు చూసుడు' అనేవాళ్లు. మా ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు, తండావాళ్లు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఖాళీ గంపలతో ఒడ్డున కూర్చుని చూసేవాళ్లు. అవ్వ బయటకు వచ్చి, కాళ్లకు పట్టిన జలగల్ని పీకి పారేసి, "పోండ్రి" అన్న తర్వాతే ఎవరైనా కూర కోయడానికి దిగాలి. అంతకుముందు ఎవరూ పాదం పెట్టేవారు కాదు.

మొక్కలే చెప్తుంటే మళ్లీ నడవడం ఎందుకని ఒకసారి అడిగాను. అప్పటికి కాలేజీలో చేరాను, ప్రశ్నలు అడగడం కొత్తగా వచ్చింది.

"మొక్క నిరుటి సంగతి చెప్తది. కాలు ఇయ్యాల్టి సంగతి చెప్తది" అంది.

ఒడ్డున కూర్చునే వాళ్లలో ఒకామె అవ్వకు ప్రాణం. చెరువుకు అవతల రాళ్ల గుట్ట కింద ఉన్న తండా ఆమెది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు తెలుగు సరిగ్గా రాదు, వాళ్లింట్లో మాట్లాడుకునే భాష వేరు. అవ్వ ఆమెకు తెలుగు నేర్పింది ఆ బురదలోనే. ఒక్కో మొక్క పేరు చెప్పడం, ఆమె దాన్ని వాళ్ల భాషలోకి మార్చి చెప్పడం, ఇద్దరూ నవ్వుకోవడం. అవ్వను ఆమె అక్క అనేది, నేను ఆమెను చిన్నమ్మ అనేవాణ్ని. జలగ అంటే ఆమెకు చచ్చే భయం. నీళ్లలో కాలికి ఏ గడ్డిపోచ తగిలినా కేక పెట్టేది. "తండల పులికి భయపడవు గని పురుగుకు భయపడ్తవేందే" అని అవ్వ వెక్కిరించేది. ఇద్దరూ కూర కట్టలు కట్టుకుని జనగామ అంగడికి ఒకే ఆటోలో పోయేవాళ్లు, ఒకే గోనెసంచి పరుచుకుని పక్కపక్కన కూర్చుని అమ్మేవాళ్లు. చిన్నమ్మకు ఒక్కతే కూతురు. నాకంటే పదేళ్లు చిన్నది. వాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఆ పిల్లను ఒడ్డున ఎత్తుకుని ఆడించింది నేనే. మాటలు వచ్చినప్పటి నుంచి తల్లిని వాళ్ల భాషలో యాడి అనేది, నన్ను మాత్రం అన్నా అనే పిలిచేది. ఆమెకు కేసముద్రం దగ్గర ఒక తండాకు పెళ్లి చేశారు. అక్కడి మార్కెట్ యార్డులో గింజలు ఊడ్చే పనికి పోతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసినది ఎవరికి చేశానో తెలియాలి.

ఆ ఎండాకాలం చెరువు పూర్తిగా ఎండింది. పూడిక మట్టి ఎవరి పొలానికి వాళ్లు తోలుకోవచ్చన్నారు. ఊరంతా ట్రాక్టర్లు. మా బాపు చనిపోయాక రెండెకరాల చెల్క నా మీద పడింది. ఎర్ర దుబ్బ నేల, ఎంత ఎరువు వేసినా నీళ్లలా ఇంకిపోయేది. నాకు సెలవులు. ఈసారి దాన్ని నల్ల నేల చేసి చూపించాలని పట్టుదల. సారు వ్యవసాయం చేస్తే ఎట్లా ఉంటుందో ఊరు చూడాలని కూడా లోపల ఉంది, దాచడమెందుకు.

అదే వారం అవ్వను కన్ను ఆపరేషన్‌కు జనగామ దవాఖానలో చేర్పించాం. రెండు కళ్లలోనూ శుక్లాలు, ముందు ఒక కన్ను చేస్తామన్నారు. నా భార్య అవ్వ దగ్గర ఉంది. నేను చెరువులో ఉన్నాను.

జేసీబీ తోలే అతను పక్క మండలం వాడు. "ఏడ తవ్వమంటవు సార్?" అని అడిగాడు. అందరూ కట్ట కిందనే తవ్వుకుంటున్నారు, ఎప్పుడూ అక్కడే తవ్వుతారు. కానీ నేను చదువుకున్నవాణ్ని కదా. ఏళ్ల తరబడి తుంగ, జమ్ము పెరిగి కుళ్లి, మళ్లీ పెరిగిన చోట నేల ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు. ఎండిన తుంగ వైపు చెయ్యి చూపించాను.

మొదటి బొక్కెనకే వాసన వచ్చింది. చిన్నప్పుడు అవ్వ చీర కొంగులో ఉండే వాసన, తుంగగడ్డలది. నల్లటి మట్టిలో ఆ గడ్డలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా తెగి పడ్డాయి. నాకు మట్టి రంగు చూసి సంతోషమైంది. పొద్దుగూకే సరికి అక్కడ నా ఎత్తుకు రెండింతల గుంత అయింది. అంచులు బావి గోడల్లాగా నిట్టనిలువుగా ఉన్నాయి. చెరువు అడుగు ఎప్పుడూ మెల్లగా వాలుతుంది, గోడలాగా దిగదు. అది చూసి ఒక్క క్షణం ఏదోలా అనిపించింది. అంచులు కొంచెం వాలుగా చేయమని అడిగాను. "వానలకు అదే పూడుతది సార్" అన్నాడు. తలూపి వచ్చేశాను.

అవ్వ కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఇంటికి వచ్చింది. రెండు రోజులకే చేనుకు తీసుకుపొమ్మంది. కుప్పలు పోసిన మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఏడికెల్లి తెచ్చినవ్‌రా?"

"కట్ట కిందికెల్లి" అన్నాను.

"కట్ట కింద మట్టి గింత నల్లగుంటదా?"

"ఉంటదవ్వా."

ఎందుకు అబద్ధం చెప్పానంటే, నిజం చెప్తే కొట్లాడుతుంది. తను కూర కోసుకునే చోటు అది. ఏడాది తిరిగేసరికి తుంగ మళ్లీ మొలుస్తుంది, అప్పటిదాకా ఈ గొడవ ఎందుకనుకున్నాను. అది అబద్ధమని కూడా నాకు అనిపించలేదు, అంత చిన్నది. అవ్వ ఇంకోసారి మట్టి వాసన చూసి చేతులు దులుపుకుంది. తన ముక్కు చెప్పింది వదిలేసి కొడుకు చెప్పింది నమ్మింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండుతున్న రోజుల్లోనే అవ్వకు రెండో కన్ను చేశారు. నెలా రెండు నెలలు వంగొద్దు, మురికి నీళ్లలో దిగొద్దు అన్నారు. అంటే ఆ ఏడు నీళ్లు చూసేవాళ్లు లేరు. ఆడవాళ్లు రెండు వారాలు ఆగారు. కూర ముదిరిపోతోంది, అంగడికి తీసుకుపోవడానికి ఇంకేమీ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను, అన్నం తింటున్నాను.

"అక్కా, నువ్వు నీళ్లు సూడనిది ఎట్ల పోవాలె?" అని అడిగింది.

అవ్వ కొంచెం ఆలోచించి నా వైపు తిరిగింది. "మట్టి కట్ట కిందనే తీసిండ్రన్నవ్ గదరా?"

నాకు గుంత గుర్తుకు రాలేదని అనలేను. వచ్చింది. గుంత ఉంటే కనబడదా, చూసుకుని దిగరా అనిపించింది. ఇప్పుడు కాదంటే చిన్నమ్మ ముందు అవ్వ నన్ను నిలదీస్తుందనీ అనిపించింది. ముద్ద నములుతూనే "ఆ" అన్నాను.

"అయితె తుంగదిక్కు ఏం మారలే" అంది అవ్వ. "పో. మోకాలు దాటది."

చిన్నమ్మ నాతో రెండు మాటలు మాట్లాడి, తన కూతురికి ఒకసారి ఫోన్ చేయమని చెప్పి వెళ్లిపోయింది. నేను సాయంత్రం బస్సెక్కి భూపాలపల్లి వచ్చేశాను.

మంగళవారం బడిలో ఉండగా ఫోన్ వచ్చింది. పరకాల, హన్మకొండ, జనగామ, మూడు బస్సులు మారి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అప్పటికే చిన్నమ్మను బయటకు తీసి కట్ట మీద పడుకోబెట్టారు. చీర ఎగగట్టినట్టే ఉంది. వాళ్ల తండావాళ్లు చుట్టూ కూర్చుని వాళ్ల భాషలో ఏడుస్తున్నారు. నాకు ఆ భాష రాదు, కానీ అక్కా అన్న మాట మధ్యలో వినబడింది. అవ్వ అక్కడ లేదు. ఇంట్లో తలుపు దగ్గర కూలబడి ఉందని చెప్పారు.

నేను చెరువు వెనక్కి నడిచాను. తుంగ ఉండాల్సిన చోట తుంగ లేదు. గుంత కనబడలేదు. దాని మీద ఒడ్డు నుంచి ఒడ్డుకు పచ్చగా పొన్నగంటి పరుచుకుని ఉంది. నీళ్లలోకి దిగిన మగవాళ్లు చీల్చిన చోట మాత్రం నల్లగా నీళ్లు తెలుస్తున్నాయి. తెగిన కాడ ఒకటి తీసి నొక్కాను. వేలంత లావు, లోపల బోలు. నేల మీద సన్నగా పాకే పొన్నగంటి, నీళ్ల మీదకు పోతే ఇట్లా కాడ ఉబ్బించుకుని తేలుతుంది. ఏటా పిల్లలకు చెప్తాను నేను. మా చెరువు మెల్లగా వాలే చెరువు కాబట్టి పొన్నగంటి అంత దూరం తేలాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అవ్వ లెక్కలో అది చీలమండ లోతు మొక్క. చిన్నమ్మకు అవ్వ నేర్పిన లెక్క అదే. పచ్చదనం చూసి అడుగు పెట్టింది, ఆ అడుగు కింద ఏమీ లేదు.

కాలు జారిందన్నారు. ప్రమాదం అని రాసుకున్నారు. ఆ ఏడు చెరువంతా గుంతలే, ఏది ఎవరు తవ్వారో ఎవరు అడుగుతారు. కొందరికి తెలుసని నాకు అనుమానం. ట్రాక్టర్లు నడిచింది పట్టపగలు. కానీ ఎవరూ నోరెత్తలేదు. సారు కదా, బాధపడతాడని ఊరుకున్నారు. ఊరు నాకిచ్చిన ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

అవ్వ ఆ తర్వాత చెరువు ముఖం చూడలేదు. గంప బోర్లించి దొడ్లో పెట్టింది, దాని మీద కోళ్లు ఎక్కేవి. ఇంట్లో పొన్నగంటి వండనివ్వలేదు. దినాలకు చిన్నమ్మ కూతురు వచ్చినప్పుడు కూడా తండాకు పోలేదు. "ఏ మొఖం పెట్టుకోని పోవాలె" అంది. పగలంతా అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి తనలో తనే మాట్లాడుకునేది. "కాలు పెట్టకుంట నోటితోని చెప్పిన. నా నోటి మాట మీద పోయింది." ఎన్ని వందలసార్లు విన్నానో ఆ మాట.

ఒకసారి నన్ను సూటిగా అడిగింది. "తుంగకాడ గుంత ఎట్లొచ్చెరా?"

"ఎవలో తవ్వి ఉంటరు" అన్నాను.

"నేను ఒక్కపాలి పోయి సూసొస్తె గిట్ల కాకపోవు" అంది. నన్ను అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేది. దొంగకు దొరికిపోవడం ఒక్కోసారి సుఖమేమో. నాకు ఆ సుఖం దొరకలేదు. నిజం చెప్తే అవ్వ గుండె మీది బరువు ఒక్క నిమిషంలో దిగిపోతుందని తెలుసు. దింపగలిగేది నేనొక్కణ్నే అనీ తెలుసు. శనివారం ఊరికి పోతూ ఈసారి చెప్పాలనుకునేవాణ్ని, సోమవారం తెల్లారి చెప్పకుండా తిరిగి వచ్చేవాణ్ని. రెండేళ్లు అట్లా గడిచాయి. చేను మాత్రం నల్లబడింది. పత్తి బాగా వచ్చింది.

రెండో ఏడు వానల తర్వాత బండి మీద కట్ట వెంట పోతూ చెరువు వెనక వైపు చూశాను. గుంత ఉన్న చోట గుండ్రంగా అల్లి ఆకులు, వాటి మధ్య తెల్లటి పూలు. చుట్టూ అంచున జమ్ము లేచింది. బండి ఆపి చాలాసేపు నిలబడ్డాను. ఇప్పుడు ఎవరు చూసినా అక్కడ దిగరు. మొక్కలు అబద్ధం ఆడలేదు. కొత్త లోతు వాటికి తెలియడానికి రెండేళ్లు పట్టింది, అంతే. ఆ రెండేళ్లలో నిజం చెప్పాల్సినవాణ్ని నేనొక్కణ్నే ఉన్నాను, నేను నోరు మూసుకున్నాను. గడ్డికి ఉన్న పాటి నిజాయితీ నాకు లేకపోయింది. సిగ్గుపడ్డాను. సిగ్గుపడి ఇంటికి పోయి అన్నం తిన్నాను.

పోయిన చలికాలం ఒక పొద్దున అవ్వ ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. "నన్ను కేసముద్రం తోల్కపో" అంది.

"ఎందుకవ్వా?"

"ఆ పిల్ల కాళ్లు మొక్కాలె. నేనే పంపిన అని చెప్పాలె. సచ్చినంక ఇది మీదికి తీస్కపోతె నాకు మంచిగనిపిస్తలేదు."

వద్దని రెండు మూడు రకాలుగా చెప్పి చూశాను. చలి అన్నాను, ఆ పిల్ల పరేషాన్ అవుతుందన్నాను. వినలేదు. జనగామలో ప్యాసింజర్ రైలెక్కాం. అవ్వ కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతోంది. అక్కడ చెప్పాల్సిన మాటల్ని వరసపెట్టుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని నా మాటల్ని వరసపెట్టుకుంటున్నాను. కాజీపేట రాకముందే చెప్పేయాలనుకున్నాను. వరంగల్ దాటాక చెప్దామనుకున్నాను. పక్కన పల్లికాయలు తింటున్న మనుషులున్నారు, వాళ్లు దిగాక చెప్దామనుకున్నాను. వాళ్లు దిగారు. అవ్వ నా వైపు చూసి, "బస్సుల కన్న రైలే నయం, కుదుపులేదు" అంది. కేసముద్రం వచ్చింది.

యార్డు నిండా మక్కల కుప్పలు, ఎటు చూసినా మొక్కజొన్న గింజలే. లోపలికి వచ్చే ట్రాక్టర్లు, బయటకు పోయే లారీలు, గాల్లో పొట్టు. తలకు తువ్వాల చుట్టుకుని చీపురుతో గింజలు కుప్పకు చేరుస్తున్న ఆడవాళ్లలో ఆమెను నేనే ముందు గుర్తుపట్టాను. నడుము వంచిన తీరు అచ్చం చిన్నమ్మదే. ఆమె తలెత్తి చూసి, "అన్నా!" అని కేక వేసింది. చీపురు పట్టుకునే పరిగెత్తుకు వచ్చింది. ముఖం అంతా పొట్టు, ఆ పొట్టులో నవ్వు.

అవ్వ ఆ నవ్వును నిలవనివ్వలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, మక్కల మీద మోకాళ్లు పెట్టి, ఆ పిల్ల పాదాలు పట్టుకుంది.

"బిడ్డా, మీ యాడిని నేనే పంపిన. నీళ్లు సూడకుంట పంపిన. మోకాలు దాటదన్న. నా మాట నమ్మి పోయింది. నన్ను ఏమన్న అను, పడ్త."

"ఏందిది పెద్దమ్మా, లే, లే" అంటూ ఆ పిల్ల వెనక్కి జరగబోయింది. అవ్వ వదల్లేదు. చుట్టూ పనిచేసే ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు.

అప్పుడు చెప్పాను. రెండేళ్లు కడుపులో తిప్పిన మాటలు ఇంత చిన్నగా ఉంటాయనుకోలేదు. "అవ్వ తప్పు లేదు. ఆ గుంత నేను తవ్విపిచ్చిన. కట్ట కింద తీసినమని అవ్వకు అబద్ధం చెప్పిన. మీ అమ్మ అడగొచ్చిన దినం సుత అదే చెప్పిన."

అవ్వ పాదాలు వదిలి, అక్కడే మక్కల్లో కూలబడి నా వైపు తిరిగింది. ఆపరేషన్ తర్వాత ఆమె కళ్లు చాలా తేటగా ఉంటాయి.

"ఆ దినం నీ నోట్లె బువ్వ ఉండె" అంది. "నములుకుంటనే అంటివి." ఆ మాట అన్నప్పుడు గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. రెండేళ్లుగా నాకు తెలిసిన ఆ గొణుగుడు కాదు అది, వెనకటి మా అవ్వ గొంతు. బరువు దిగిన గొంతు అట్లా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇంత సులువా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

చిన్నమ్మ కూతురు చీపురు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆడ గుంత ఉన్నదని మా యాడికి తెల్వదా?"

"తెల్వదు."

"అయితె భయపడకుంటనే పోయి ఉంటది" అంది. అదొక్కటే ఆమె తన కోసం తీసుకుంది. తువ్వాల విప్పి ముఖం తుడుచుకుంది. వంగి అవ్వ రెండు చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టింది, చీరకు అంటిన గింజలు దులిపింది. అప్పుడు నా వైపు చూసింది.

"పెద్దమ్మ చెయ్యని తప్పుకు గింత దూరం వచ్చి నా కాళ్లు పట్టుకున్నది. నువ్వు చేసినదాన్ని నిలవడి చెప్తున్నవ్ సారూ."

సారూ అంది. నేను ఎత్తుకుని ఆడించిన పిల్ల.

ఇప్పుడైనా వంగాలని నాకు తెలుసు. రెండు అడుగులు వేస్తే చాలు. అంతమంది ఆడవాళ్లు చూస్తున్నారు, ఇస్త్రీ చేసిన ప్యాంటు, చేతిలో సంచి, నేను సారును. నా మోకాళ్లు వంగలేదు. ఆమె నా కోసం ఆగలేదు కూడా. అవ్వ భుజం చుట్టూ చెయ్యి వేసి షెడ్డు నీడలోకి నడిపించుకుపోయి, తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. అవ్వ తాగింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను కుప్ప పక్కనే నిలబడి ఉన్నాను. వెనక నుంచి బస్తా మోసుకొస్తున్న హమాలీ ఒకాయన, "పక్కకు జరుగు సార్" అన్నాడు. నేను జరిగాను.